మేస్త్రీ తిరిగి కట్టిన ముడి

ఏడో తరగతి లెక్కల పరీక్షకు నేను వచ్చాను గాని లెక్కలే రాలేదు. తెలుగులోనైనా గట్టెక్కుదామంటే అక్కడ మాస్టారు "రాయి, రాయి" అని వెంటపడ్డారు. ఆ మాటే పట్టుకుని బడి మానేసి రైల్వేలో చేరి ముప్పై ఏళ్లకు పైగా రాళ్లతో కాపురం చేశాను. ఇదంతా మా ఇంట్లో తెలిసిన భాగవతమే కాబట్టి, మొన్న ఇంట్లో బంధువులందరికీ భోజనాలు పెట్టుకున్నప్పుడు అడ్డాకు విస్తళ్లు పది కట్టలు తెమ్మంటే నేను తొమ్మిదే తెచ్చినా మా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తొమ్మిది దగ్గర నేను తప్పడం కొత్త కాదని ఆమెకు తెలుసు.

విస్తళ్ల కట్టలు దారిలో వానకు తడిశాయి. వాటికి కట్టినది ప్లాస్టిక్ తాడు కాదు, అడ్డతీగ బెరడు తీసి పేనిన నార. తడిసిన అడ్డనారకు ఒక వాసన ఉంటుంది. కొంచెం వగరు, కొంచెం పొగ, అడుగున ఎక్కడో పచ్చిమట్టి. ముడి విప్పబోయిన నా వేళ్లు ఆగిపోయాయి. మా ఆవిడ వంటింట్లోంచి కేక వేసేదాకా నేను వసారాలో లేను, బొర్రా పైన సొరంగాల మధ్య ఉన్నాను.

పట్టాలు బాగుచేసే మా గ్యాంగ్‌కు మేస్త్రీ పేరు సింహాచలం. నా పేరు అప్పన్న. ఇక చెప్పేదేముంది, చేరిన మొదటి రోజే "సింహాచలం నెత్తిన అప్పన్న వచ్చి కూర్చున్నాడు" అన్నారు గ్యాంగులో వాళ్లు. నిజంగానే పదేళ్ల పైచిలుకు ఆయన నెత్తిన కూర్చున్నాను. ఆయన మిలటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. చైనా యుద్ధంలో మంచు కొరికి ఎడమ కాలి వేళ్లు మూడు పోయాయి. అందుకని స్లీపర్ల మీద ఆయన నడక చప్పుడు వేరు, ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు జారుతున్నట్టు. పొగమంచులో మనిషి కనపడకపోయినా ఆ చప్పుడు విని మేము బీడీలు ఆర్పేసేవాళ్లం.

ఆయన దగ్గర నేర్చుకున్న విద్య ఒక్కటే, వినడం. లైను పక్కన కొండను కోసిన చోట వేలాడే బండలను గునపం మొద్దు కొసతో మెల్లగా కొట్టి చెవి ఆనించేవాడు. గట్టి రాయి గంటలా పలుకుతుంది. లోపల బీట తీసిన రాయి కడుపు నొప్పి వచ్చినవాడిలా మూలుగుతుంది. మూలిగిన రాయిని వానల ముందే దించేయాలి. నా వేళాకోళాలు కూడా ఆయన అలాగే వినేవాడు. చెప్పినప్పుడు నవ్వేవాడు కాదు. మర్నాడు పని మధ్యలో, గునపం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా ఉన్నట్టుండి నవ్వు మొదలయ్యేది. "నిన్నటిది ఇప్పుడెక్కిందిరా గుంటడా" అనేవాడు. అందరూ నవ్వి మరిచిపోయిన మాటకు ఒక్కడే ఒకరోజు ఆలస్యంగా నవ్వే మనిషి దొరకడం ఎంత అదృష్టమో అప్పుడు తెలియలేదు.

నేను చెప్పే సంగతి తూర్పు సరిహద్దులో యుద్ధం వచ్చిన ఏడాది ఎండాకాలంలో జరిగింది. యుద్ధానికి ఇంకా నెలలున్నాయి. సరిహద్దు అవతల నుంచి జనం కాందిశీకులై లక్షల్లో ఇటు వచ్చిపడుతున్నారని స్టేషన్ దగ్గర టీకొట్టు రేడియో రోజూ చెప్పేది. పట్టాల బిగింపులు చూసే మా కీమాన్ కన్నయ్య రోజూ అక్కడే యుద్ధం ప్రకటించేవాడు. ఇంకా చూస్తారేమిటి, ఇప్పుడే వెళ్లి కొట్టకపోతే నెత్తికెక్కుతారని ఆయన వాదన. టీకొట్టతను మాత్రం, కొడితే పోయేది మన పిల్లలే, వాళ్లు అడిగినది ఏదో ఇచ్చి సర్దుకోవాలనేవాడు. మిలటరీ మనిషి కదా అని ఇద్దరూ మేస్త్రీ వైపు తిరిగేవాళ్లు. ఆయన టీ తాగేసి గ్లాసు బోర్లించి లేచిపోయేవాడు.

ఒకరోజు నేను ఊరుకోలేక, "మేస్త్రీ, మిలటరీలో మీరు తుపాకీ పట్టేరా, గరిట పట్టేరా" అని అడిగాను. ఆయన నవ్వలేదు సరికదా, పట్టాల పక్కన కంకర కుప్ప మీద కూర్చుని మొదటిసారి చైనా యుద్ధం కథ చెప్పాడు.

"ఈ గట్టు మీద మేఁవు, ఆ గట్టు మీద ఆళ్లు. రోజూ పొద్దున్నే లెగిసి సూత్తే ఆళ్ల రాళ్లగోడ ఒక వరస పెరిగేది. కాల్సమంటారా బాబూ అని అడిగితే, ఒక వరసే కదా, రెచ్చగొట్టొద్దు అనీవోరు. మేఁవు సెయ్యూపితే ఆళ్లూ సెయ్యూపీవోరు. గోడ గుండెకాడికొచ్చింది. ఒకనాడు పొద్దున్న ఆ గోడెనక నుంచే వొచ్చీసినారు. మా సెక్షన్లో నేనూ ఇంకొకడూ మిగిలేం."

"ముందే కాల్చుంటే బతికేవోరా?"

"కాళ్లకి గుడ్డ బూట్లురా. సేతికి యాభై తూటాలు. మొదటి వరసనాడే కాల్చుంటే మొదటి వరసనాడే సచ్చుందుమేమో. అది తెలిత్తే నాకు నిద్దర పట్టును."

ఆ రోజుకు నా వేళాకోళాలు కట్టిపెట్టి కంకర ఎత్తాను.

ఆ వారంలోనే మా కొండ మీద రాయి మూలిగింది. రెండు సొరంగాల మధ్య కోతకు సరిగ్గా పైన, ఇల్లంత బండ. కింద మట్టి కరిగిపోయి కొండ అంచున పెదవిలా వేలాడుతోంది. వానలకు ముందే పేల్చేయాలని పైనుంచి వచ్చిన ఇంజనీరు గారు తేల్చారు. అయితే ఆ బండ పైగూడెం వాళ్ల దేవత. పైగూడెం అని మేము పెట్టుకున్న పేరు, కొండ పైన ముప్పై గడపల గిరిజనుల ఊరు. చోళ్లు, కొర్రలు పండించుకుంటూ మా జోలికి వచ్చేవాళ్లు కాదు. మందుగుండుతో మనుషులు ఎక్కేసరికి ఊరి మగవాళ్లు విల్లంబులతో బండ చుట్టూ నిలబడ్డారు.

మా ట్రాక్ ఇన్‌స్పెక్టర్ మెత్తని మనిషి. దుప్పట్లు పంచాడు. గూడెం వాళ్లు అవి తీసుకుని, మర్నాడు బండ దగ్గరికే కాదు, దాని కింది కాలువ దగ్గరికి కూడా రావద్దన్నారు. మేకపోతును ఇచ్చాడు. ఆ మర్నాడు కాలువకు ఇవతలి గట్టూ మాదే అన్నారు. ఇంజనీరు గారికి ఒళ్లు మండింది. సాయుధ పోలీసులను తెచ్చి ఇప్పుడే పని కానిచ్చేద్దామన్నారు. నాలుగు లాఠీ దెబ్బలతో ఈ వారం పోయేదానికి ఆలస్యం చేస్తే పక్క గూడేల వాళ్లు కూడా వచ్చి చేరతారు, అప్పుడు తూటాలు తప్పవన్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. బండి మీద బండ పడితే డ్రైవరు పెళ్లానికి మొహం చూపించాల్సినవాడు ఆయనే.

ఇద్దరూ మేస్త్రీని అడిగారు. దుప్పట్లు ఇచ్చి రాయిని ఆపలేమన్నాడు. లాఠీలతో వెళితే ఈ లైను మీద మా గ్యాంగు మళ్లీ ఒంటరిగా నడవడం కుదరదన్నాడు. నాకు రెండు రోజులు ఇవ్వండని అడిగి, మర్నాడు పొద్దున్నే కొండ ఎక్కాడు. వెంట నన్నొక్కడినే తీసుకెళ్లాడు. ఎందుకని అడిగితే, "ఆళ్లు మనల్ని సూసి నవ్వుకోడానికి ఒకడుండాలి కదరా" అన్నాడు.

పైగూడెంలో మంచిరోజులూ చెడ్డరోజులూ లెక్కకట్టి చెప్పేవాడిని దిసారి అంటారు. దుక్కి, పెళ్లి, వేట, ఏదైనా ఆయన లెక్క చెప్పాకే. సోమ్రా దిసారి ఈతబరికెలా సన్నగా, మాట కూడా అంతే పొదుపుగా ఉండేవాడు. మేస్త్రీ దుప్పటి మాట గాని పోలీసు మాట గాని ఎత్తలేదు. చేతిలో గునపం పక్కన పెట్టి, బండను నేను ముట్టుకోను, మీరే కొట్టి వినండని అడిగాడు. దిసారి మమ్మల్ని వెంటపెట్టుకుని బండ దగ్గరికి నడిచాడు. తన చేతికర్రతో బండను మెల్లగా తట్టి చెవి ఆనించాడు. ఇంకోచోట తట్టాడు. మొహం మారింది. ఆయనకూ వినపడింది.

తర్వాత ఆయన చెప్పినదాన్ని బట్టి, దేవత బండ కాదు. బండ అడుగున ముంతంత నల్లరాయి ఒకటి ఉంది, ఆమె అందులో ఉంటుంది. నిద్రలేపి, ఒప్పించి, వేరే చోటికి తీసుకెళ్లాలి. దానికి తొమ్మిది రోజులు. అందులో ఎనిమిదో రోజు ఆమె బయటికొచ్చే రోజు, పరాయివాళ్ల కన్ను పడకూడదు. తొమ్మిదో రోజు బండ మీది. ఆయన అడ్డనార తాళ్లు రెండు తీసి, రెండింటికీ తొమ్మిదేసి ముళ్లు వేసి, ఒకటి మేస్త్రీ చేతిలో పెట్టాడు. "పొద్దు పొడిసినాక ఒకటి ఇప్పాల. నాను ఇక్కడ, మీరు అక్కడ. ఆకరి ముడి ఇప్పినపొద్దు రండి." రెండో తాడు తన మొలకు చుట్టుకున్నాడు.

ఇంజనీరు గారు పళ్లు నూరి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. గడువు నాటికి మా వెంట పోలీసులు కూడా వస్తారు.

ఆ తాడును మేస్త్రీ నాకు అప్పగించాడు. గ్యాంగ్ గుడిసె గుంజకు కట్టి రోజూ పొద్దున్న ఒక ముడి విప్పడం నా పని. కన్నయ్య వద్దన్నాడు, వీడికి లెక్కలు రావు మేస్త్రీ అని. తొమ్మిది దాకా వచ్చులే అన్నాడాయన.

ఐదో రోజు పొద్దున్న అందరూ అంబలి తాగుతున్నారు. గడువు తీరాక పైగూడెం వాళ్లు పందిని కోసి మాకూ పెడతారని ఎవరో అన్నారు. నేను లేచి వెళ్లి ఒక ముడి విప్పి, అందరూ చూస్తుండగా రెండోదీ విప్పి, "పంది ఒకరోజు ముందొచ్చేస్తాది" అన్నాను. గుడిసె గుడిసంతా నవ్వింది. మేస్త్రీ అప్పుడు లేడు, లైను చూడడానికి వెళ్లాడు. రెండో ముడి మళ్లీ కట్టేద్దామనే ఉంది నాకు. ఇంతలో ట్రాక్ ఇన్‌స్పెక్టర్ ట్రాలీ వచ్చింది, పరుగెత్తాం. ఆ తర్వాత గుర్తు లేదు. అంతే. దానికి ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలా ఏళ్లు వెతికాను.

ఎనిమిదో రోజు పొద్దున్న నేను విప్పింది ఆఖరి ముడి, తాడు జేబులో వేసుకున్నాను. తాడు తప్ప వేరే లెక్క ఎవరూ పెట్టుకోలేదు, గడువు తీరిందని మేస్త్రీ కబురు పంపాడు. ఇంజనీరు గారు, ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్, తుపాకులతో పన్నెండు మంది కానిస్టేబుళ్లు, వెనక గునపాలతో మేము. బండ దగ్గరికి చేరేసరికి అక్కడ డప్పు వినపడుతోంది. ఆడవాళ్లు తలలు వంచి కూర్చున్నారు. దిసారి మోకాళ్ల మీద వంగి బండ అడుగుకు చెయ్యి పెట్టి ఉన్నాడు. ఎవరూ చూడకూడని రోజున పన్నెండు తుపాకులతో వెళ్లి చూశాం.

డప్పు ఆగింది. ఎవరూ అరవలేదు. చెట్ల వెనక నుంచి ఒక్క బాణం వచ్చింది. ముందు నడుస్తున్న మేస్త్రీ కుడి తొడలో దిగింది. పోలీసులు తుపాకులు భుజానికెత్తారు. అటు విల్లులన్నీ వంగాయి. మేస్త్రీ కింద కూలబడి, కూలబడినచోటి నుంచి జరిగి, సరిగ్గా ఆ రెంటికీ మధ్య కూర్చున్నాడు. తుపాకుల వైపు వీపు పెట్టి ఒక చెయ్యి వెనక్కి చాచాడు, ఆగమని.

"అప్పన్నా, తాడేదిరా?"

నా జేబులోంచి తీసి ఇచ్చాను. నున్నటి తాడు. ఆయన దాన్ని చూడలేదు, నా మొహం చూశాడు.

"ఐదోనాడు రెండిప్పేసినాను మేస్త్రీ."

ఆయన తిట్టలేదు. తాడును రెండు చేతుల్లోకి తీసుకుని ఒక ముడి వేశాడు. దాన్ని పైకెత్తి దిసారికి చూపించాడు. "మా లెక్క తప్పింది బాబూ. మీ రోజు మీకు తిరిగిచ్చేత్తన్నాం" అన్నాడు.

దిసారి లేచి వచ్చాడు. మొల నుంచి తన తాడు విప్పి మేస్త్రీ తాడు పక్కన నేల మీద పరిచాడు. దానికీ ఒక్కటే ముడి. పోలీసు ఇన్‌స్పెక్టర్ వంగి రెండు తాళ్లనూ చూశాడు. ఇంజనీరు గారూ చూశారు. ఆయనే, దిగండి, రేపు వద్దాం అన్నారు.

దిగేటప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టర్ బాణం వేసినవాడి పేరు అడిగాడు. బాణమేమిటి, జారిపడితే వెదురు గుచ్చుకుందన్నాడు మేస్త్రీ. "మీ కొండ మీద వెదురుకి ఈకలు మొలుస్తాయా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మొలుస్తాయి బాబూ, అన్నాడు మేస్త్రీ పళ్లు బిగించి.

తిరిగిచ్చిన రోజు ఉత్తినే పోలేదు. ఆ సాయంత్రమే తొలి వాన వచ్చింది. ఇంజనీరు గారు బండ్లన్నీ స్టేషన్లలో నిలిపేయించారు. అప్పటికే బయల్దేరిన ఖనిజం బండి ఒకటి సొరంగం అవతల ఆగి ఊపిరి పీలుస్తోంది. నేను ఎర్రజెండా పట్టుకుని బండ కింద నిలబడ్డాను. మట్టి పెళ్లలుగా జారి పట్టాల మీద పడుతోంది. ఒక్క ముడి, ఒక్క వేళాకోళం, మీద ఇల్లంత బండ. అది ఇప్పుడు పడితే ఆ పాపం నాదా, రోజు తిరిగిచ్చిన మేస్త్రీదా అని నాకు రాని లెక్క వేసుకుంటున్నాను. అప్పుడు వాన తెరలోంచి మనుషులు దిగడం కనిపించింది. దిసారి ముందు, వెనక పైగూడెం మగవాళ్లు, భుజాల మీద దుంగలు. ఎవరూ మాతో మాట్లాడలేదు. బండ పెదవి కింద దుంగలు దన్ను పెట్టి, వాన వెలిసేదాకా అక్కడే తడిశారు.

మర్నాడు దేవత ముంతలాంటి నల్లరాయిలో ఊరి అవతలి వాగు ఒడ్డుకు వెళ్లింది. మధ్యాహ్నానికి బండను ముక్కలు చేసి దించాం. పంది మాంసం వచ్చింది. నా వాటా కన్నయ్యకు ఇచ్చేశాను.

ఆసుపత్రిలో మేస్త్రీ గుప్పిట్లో ఆ తాడు ఇంకా ఉంది, ముడితో సహా. ఎవరూ విప్పలేదు. నేను మంచం పక్కన నిలబడి తిట్ల కోసం ఎదురుచూశాను. ఆయన పైకప్పు చూస్తూ మొదలుపెట్టాడు.

"సీనా యుద్దంలో లెక్క తాడు మా కాడే ఉండీదిరా. మేఁవే రోజుకొకటి ఇప్పుకున్నాం. ఆళ్ల మొలకి తాడు లేదు. ఇక్కడ దిసారి మొలకుంది. ఉన్నోడికి రోజు తిరిగియ్యొచ్చు. లేనోడికిత్తే గోడ కట్టుకుంటాడు. ఆడి మీదకి బేగి లెగాల, కాళ్లకి బూట్లుంటే."

"ఉందో లేదో ముందే తెలిసేదెలాగ మేస్త్రీ?"

"ఏటో. దిసారి తీసి సూపించేదాకా నాకు మాత్రం తెలిసిందేటి?"

మర్నాడు నేను గంజి తీసుకెళ్లేసరికి మంచం ఊగుతోంది. ఏమైందోనని పరుగెత్తాను. ఆయన నవ్వుతున్నాడు. కుట్లు లాగి మూలుగుతున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. "పంది ఒకరోజు ముందొత్తాదన్నావటరా గుంటడా" అన్నాడు. నేను గంజి గిన్నె కింద పెట్టి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఆ ఏడాది చివర్లో యుద్ధం వచ్చింది. టీకొట్టు ముందు జనం, కేకలు. ఇంతకాలం ఆగడం మంచిదయిందని కొందరు, ముందే వెళ్లుంటే అంతమంది చచ్చేవాళ్లు కాదని కొందరు. ఇప్పుడు రెండు కాళ్లతోనూ కుంటుతున్న మేస్త్రీ కర్ర ఆనించుకుని రేడియోలో వార్తలన్నీ విన్నాడు. అయ్యాక టీకొట్టతన్ని ఒక్క మాట అడిగాడు. "కుర్రోళ్లకి బూట్లిచ్చారంటనా?" ఎవరికీ తెలియదు. ఆయన గ్లాసు బోర్లించి లేచాడు.

రిటైరైన రోజు తాడు నా చేతిలో పెట్టాడు. ఏం చేసుకోమంటారు అంటే, గుంజకు కట్టుకోమన్నాడు. టైడా దగ్గర ఆయన ఉండే పెంకుటింటికి ఆదివారాలు వెళ్లేవాడిని. కొన్నాళ్లకు ఆ ఇంటి వైపు దారిలో స్లీపర్ల మీద ఆయన అడుగుల చప్పుడు లేకుండా పోయింది. ఆయన పోయి ఇన్నేళ్లయినా నాకు ఒక అలవాటు మిగిలింది. ఏదైనా వేళాకోళం ఆడాక, నలుగురూ నవ్వేశాక కూడా, మర్నాటి దాకా ఆగుతాను. ఎక్కడో ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉండిపోయి ఒక నవ్వు మొదలవుతుందేమోనని. పొద్దుపోయేదాకా చూసి మానేస్తాను.

ఆ తాడు ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతోంది. మొన్నటి విస్తళ్ల నార ముడి కూడా నేను విప్పలేకపోయాను, మా ఆవిడ వచ్చి కత్తితో కోసింది. మేస్త్రీ పోయిన నెలకు ఒకసారి ఆయనిచ్చిన తాడును జేబులో వేసుకుని పైగూడెం ఎక్కాను. సోమ్రా దిసారికి చూపు మందగించింది. మేస్త్రీ పోయాడని చెబితే వాగు వైపు తిరిగి చేతులు జోడించాడు. నోరు ఊరుకోక, తాడు తీసి ఆయన చేతిలో పెట్టి, "సూడు దిసారీ, ఇంకా ఒక ముడి మిగిలిపోనాది. మా లెక్కలో గడువింకా తీరలేదు, ఇప్పేసుకుంటావేటి?" అన్నాను.

ఆయన ముడిని వేళ్లతో తడిమి చూశాడు. బిగువు తగ్గలేదని తెలుసుకుని తాడు మళ్లీ నా గుప్పిట్లో పెట్టి మూశాడు.

"నీ కాడే ఉండనీ. లెక్క రానోడి కాడ ఒకరోజు ఎక్కువుంటే ఊరికి మంచిది."